గోనెసంచుల ఆఫీసులో లేని ఖాళీ

నేను కోపిష్టిని కాను. ఈ మాట అన్నప్పుడల్లా మా ఇంట్లో వాళ్లు కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెడతారు గానీ, నిజంగానే కాను. నా మొత్తం జీవితంలో నిజమైన కోపం వచ్చింది ఒక్కసారే. కాకపోతే అది ఒక పూటలో వచ్చి పోలేదు, ఒక వానాకాలమంతా ఉంది. మేము రాయపూర్‌లో ఉన్న కాలం. ఊరింకా మధ్యప్రదేశ్‌లోనే ఉండేది, నా తలమీద జుట్టు నా తలమీదే ఉండేది. ఆ రోజుల్లో ఉద్యోగం వెతకడమంటే ఉద్యోగాన్ని వెతకడం కాదు, మనిషిని వెతకడం. మనకు తెలిసిన మనిషి, ఆ మనిషికి తెలిసిన ఇంకో మనిషి, అలా పట్టుకుంటూ పోతే చివర ఎక్కడో ఒక కుర్చీ కనిపించేది. నాకు ఆ వరసలో మొదటి మనిషే లేడు. మా నాన్నకు తెలిసినవాళ్లందరూ రైల్వే వర్కుషాపులో వ్యాగన్ల కింద వెల్లకిలా పడుకుని పనిచేసేవాళ్లు. ఆ భంగిమలో ఉన్న మనిషి ఎంత మంచివాడైనా ఎవరికి సిఫార్సు చేస్తాడు?

నేను కోరుకున్నది కలెక్టరు ఉద్యోగమేమీ కాదు. వచ్చిన ఉత్తరం రిజిస్టరులో ఎక్కించడం, పోవలసిన ఉత్తరం టైపు చేయడం, ఫైలు అడిగితే తీసివ్వడం, ఫోను మోగితే ఎత్తడం, ఎదురుగా కూర్చున్న యజమాని లేడని చెప్పమంటే లేడని చెప్పడం. ఏదో ఒక ఆఫీసులో ఈ పనులు చేసుకుంటూ బతికేయగలనని నా నమ్మకం (చివరి పని తప్ప; అబద్ధం చెబితే నా చెవులు ఎర్రబడతాయి). బీకాం ప్యాసయ్యాను, సెకండ్ క్లాసు. ఆ సంగతి మా నాన్నకు చెప్పడానికి రెండు రోజులు ధైర్యం కూడగట్టుకున్నాను. ఆయన విని, "బాగానే ఉందిరా, ఫెయిలవనేదు గదా" అని వెళ్లి పడుకున్నాడు. టైపింగు హయ్యరు కూడా ప్యాసయ్యాను. ఇన్ని ప్యాసయిన మనిషి కోసం ఆఫీసులు కాచుకుని ఉంటాయని, వెళ్లగానే నాకోసం వాటి మధ్య చిన్న గొడవ కూడా జరగొచ్చని అనుకున్నాను. గొడవ జరిగింది. మా నాన్నకీ నాకూ.

శంకర్ నగర్‌లో ఒక మేడమీద ఉద్యోగాలు ఇప్పించే ఏజెంటు ఒకాయన ఉండేవాడు. ఆయన గదిలో ఒక బల్ల, దేవుడి పటం, ఆకుపచ్చ స్టీలు అల్మారా ఉండేవి. ఆ అల్మారాలో సగం రాయపూర్ కుర్రాళ్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఉండేవి. అందుకని మేమాయన్ని అల్మారా సాబ్ అనేవాళ్లం. ఆయన ఉద్యోగం ఇప్పించేవాడు, కాదనలేం. కానీ అందులో ఉన్నన్నాళ్లూ మన డిగ్రీ ఆయన అల్మారాలో, మనం ఆయన చెప్పిన ఆఫీసులో ఉండాలి. ఆఫీసు నచ్చకపోయినా కదలడానికి లేదు. మా రైల్వే క్వార్టర్ల లైనులో ఒక కుర్రాడికి రెండేళ్ల తర్వాత అంతకన్నా మంచి చోట ఉద్యోగం దొరికితే, అక్కడ చూపించడానికి సర్టిఫికెట్లు అడిగాడు. తాళంచెవి పోయిందన్నాడు అల్మారా సాబ్. తాళంచెవి దొరికేసరికి ఆ ఉద్యోగంలో ఇంకొకడు చేరి పెళ్లి కూడా చేసుకున్నాడు.

ఇది తెలిసి కూడా మా నాన్న నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. (ఇక్కడి నుంచి మాటలన్నీ చాలావరకు హిందీలో జరిగాయి. నేను తెలుగులో చెబుతున్నాను. కోపాన్ని మాత్రం అనువదించలేదు, ఉన్నదున్నట్టే ఉంది.)

"ఒరిజినల్స్ లావో, బేటా," అన్నాడు అల్మారా సాబ్ చెయ్యి చాపి.

"ఆఫీసరు సంతకం పెట్టిన నకళ్లు తెచ్చానండి."

"నకలు కాగితానికి నకలు బుద్ధులే వస్తాయి. ఒరిజినల్ ఇక్కడ ఉంటే నువ్వు అక్కడ బుద్ధిగా ఉంటావు."

"అంటే తాకట్టా?"

"రామ్ రామ్! ఎంత మాట! సేఫ్టీ, బేటా, సేఫ్టీ." ఎవరి సేఫ్టీ అన్నది ఆయన చెప్పలేదు. మా నాన్న వైపు తిరిగి, "మీ ఆంధ్రావాళ్లు మెహనతీ మనుషులు, కష్టపడతారు. నోరెత్తరు. అందుకే పార్టీలు, అదే సేఠ్‌లు, మీవాళ్లనే అడుగుతారు," అన్నాడు. పొగడ్తే అయ్యుండాలి. సంతలో ఎద్దు పళ్లు చూసినవాడు కూడా సరిగ్గా ఆ గొంతుతోనే మాట్లాడతాడు. మా నాన్న వినయంగా నవ్వి నా ఫైలు బల్లమీద పెట్టాడు. అల్మారా సాబ్ ఒక కొస పట్టుకున్నాడు. నేను రెండో కొస పట్టుకున్నాను. మధ్యలో మా నాన్న ఎవరికి సాయం చెయ్యాలో తెలియక మొదట ఆయన వైపు, తర్వాత అలవాటు కొద్దీ నా వైపు లాగాడు. ఫైలు మాకే వచ్చింది, దాని తాడు మాత్రం అక్కడే ఉండిపోయింది.

మెట్లు దిగాక మా నాన్న సైకిలు తాళం తీయకుండానే తొక్కబోయాడు. అంత కోపం.

"ఏట్రా ఇది? ఆయనేటి నీ పీక కోసేస్తన్నాడా? మర్యాదగా బేటా అంటన్నాడు గదా!"

"నా డిగ్రీ ఆయనకెందుకు నాన్నా?"

"మరి నీకెందుకురా అది? ఇంట్లో ట్రంకుపెట్లో కలరా ఉండల మధ్యన పడుంది. అక్కడుంటేనేటి, అల్మారాలో ఉంటేనేటి?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. లేనప్పుడు మనిషి గొంతు పెంచుతాడు, నేనూ పెంచాను. ఎవరి ద్వారానూ కాకుండా, నా అంతట నేను, నా కాళ్లతో నడిచి వెళ్లి ఉద్యోగం తెచ్చుకుంటానన్నాను. మా నాన్న సైకిలు స్టాండు వేశాడు. ఆయన స్టాండు వేశాడంటే మాట ఖాయమన్నమాట.

"సరే. దసరా దాకా చూస్తాను. తెచ్చుకున్నావా, నీ డిగ్రీ నీదే. తేనేదా, దసరా మర్నాడు నానే ఆ పైలు అట్టుకెళ్లి ఆ అల్మారాలో ఎట్టేసి, తలుపు నానే మూసొస్తాను. అప్పుడు మళ్లీ నోరు నేపకూడదు."

సరేనన్నాను. మూడు నెలల టైముంది. మూడు రోజులు చాలనుకున్నాను.

అప్లికేషను రాయడం మా టైపు మాస్టారు నేర్పారు. ఆయన కాకినాడ వైపునుంచి వచ్చిన క్రైస్తవులు, భార్య రైల్వే ఆసుపత్రిలో నర్సు. ఇన్‌స్టిట్యూట్‌లో అయిదు మిషన్లు ఉండేవి, అన్నీ కలిపితే ఒక పూర్తి మిషను అయ్యేది. గోడమీద అద్దాల ఫ్రేములో ఒక మాదిరి అప్లికేషను ఉండేది. దాని ఇంగ్లీషు చాలా గంభీరంగా ఉండేది. మొదటి వాక్యం అర్థం ఇది: "తమ గౌరవనీయమైన కార్యాలయమందు ఒక ఉద్యోగము ఖాళీగా ఉన్నదని విశ్వసనీయ వర్గాల ద్వారా తెలుసుకుని, ఈ విన్నపము సమర్పించుకుంటున్నాను."

"మాస్టారూ, నాకెవరూ చెప్పలేదు కదండీ. ఏ వర్గాలు?" అన్నాను.

"అబ్బాయ్, ఆ వాక్యం అందరూ రాస్తారు. అది లేకపోతే అప్లికేషను చొక్కా తొడుక్కోకుండా ఇంటర్వ్యూకి వెళ్లినట్టుంటది. దాన్ని ఎవరూ చదవరు. ముందు మార్జిన్ చూసుకో, వంకరగా పోతావుంది."

ఆయన చెప్పింది నిజమే. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో టైపు నేర్చుకున్నవాళ్లందరూ ఆ వాక్యంతోనే జీవితంలో అడుగుపెట్టారు. నేనూ కార్బన్ పేపర్లు పెట్టి ఒకేసారి అయిదేసి కాపీలు కొట్టాను. ఆఫీసు పేరు ఉండవలసిన చోటు ఖాళీగా వదిలేసి, తర్వాత చేత్తో రాసేవాణ్ణి. అయిదో కాపీ చదవాలంటే కాగితాన్ని ఎండకు ఎత్తి పట్టుకోవలసి వచ్చేది. దాన్ని నాకు పెద్దగా ఆశ లేని ఆఫీసులకు కేటాయించాను.

ఇక నడక. శంకర్ నగర్ నుంచి తెలీబంధా దాకా ఆఫీసు బోర్డు కనిపించిన ప్రతి గుమ్మమూ ఎక్కాను. నాకు ఉద్యోగం లేదన్నందుకు కోపం రాలేదు, లేకపోవచ్చు. కోపం వచ్చిందల్లా వాళ్లడిగే మొదటి ప్రశ్నకు. పేరడగరు, చదువడగరు, టైపు వచ్చా అని అడగరు. "కిస్‌నే భేజా?" ఎవరు పంపించారు? ఎవరూ పంపలేదు, నేనే వచ్చాను అంటే నన్ను పైనుంచి కిందికి చూసేవాళ్లు, తపాలాబిళ్ల లేకుండా వచ్చిన కవరును చూసినట్టు. ఒక ఆఫీసులో వాచ్‌మన్, "ఎవరూ పంపలేదా? అయితే ఎవరూ లేరు లోపల," అన్నాడు. ఇంకో చోట నా అప్లికేషను తీసుకున్నాయన నేను చూస్తుండగానే దానిమీద జిలేబీ పెట్టుకున్నాడు. (మొదటి కాపీ అది. ఆయనకి అయిదోది ఇచ్చినా జిలేబీకి తేడా పడేది కాదు.) మరో ఆఫీసులో గంటన్నర కూర్చోబెట్టి, లోపలికి పిలిచి, కరెంటు మీటరు చూడడానికి వచ్చింది నేనేనా అని అడిగారు. కాదన్నాను. అయితే గంటన్నర నుంచి ఎందుకు కూర్చున్నావని అరిచారు. వానకు గొడుగు తిరగబడేది, బురదకు చెప్పు తెగేది, ఇంటికొచ్చాక మా నాన్న కేలెండరు ముందు నిలబడి దసరా ఎన్ని రోజుల్లో ఉందో పైకి లెక్కపెట్టేవాడు. లెక్కలో ఆయన ఎప్పుడూ తప్పలేదు. నలభై రెండు ఆఫీసులు అయ్యాయి. మనుషుల మీద, గుమ్మాల మీద, జిలేబీల మీద కూడా నాకు కోపం వచ్చేది. రోడ్డుమీద నడుస్తూ నేను ఇవ్వని జవాబులు గట్టిగా ఇచ్చుకుంటుంటే ఆవులు పక్కకు తప్పుకునేవి.

దసరా తొమ్మిది రోజులుందనగా పోస్టుకార్డు వచ్చింది. కార్డు కనక నా కన్నా ముందు మా లైనంతా చదివింది. "మీ అప్లికేషను అందినది. వెంటనే స్వయంగా వచ్చి కలవగలరు." తెలీబంధాలో గోనెసంచుల వ్యాపారం చేసే సేఠ్ సంతకం. చుట్టుపక్కల రైసు మిల్లులన్నిటికీ బియ్యం నింపే సంచులు వాళ్లే పంపేవాళ్లు. ఆ ఆఫీసుకు నేను గుమ్మంలోనే ఇచ్చి వచ్చింది నాలుగో కాపీ అని గుర్తు. నాలుగో కాపీకే ఇంత మర్యాద చేసినవాళ్లు మొదటిదిస్తే ఏం చేసేవాళ్లో అనుకున్నాను. మా నాన్న తన పెళ్లినాటి తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి ఇచ్చాడు. ఆయన నాకన్నా పొట్టి. చేతులు పైకెత్తకపోతే ఫర్వాలేదు.

ఆఫీసంతా పచ్చి జనపనార వాసన. ముందు గదిలో పరుపు పరిచిన బల్లమీద తెల్లటి పంచె కట్టుకున్న పెద్ద సేఠ్ బాలీసుకు ఆనుకుని కూర్చుని తమలపాకు నములుతున్నాడు. వ్యాపారం కొడుక్కి అప్పగించేశాడు, కానీ మధ్యాహ్నం పూట ఇంట్లో తోచక ఇక్కడికొచ్చి కూర్చుంటాడు. ఒక మూల బల్ల దగ్గర, చుట్టూ రిజిస్టర్లతో, ముక్కుమీద కళ్లద్దాలతో హెడ్ గుమాస్తా. అందరూ ఆయన్ని బడేబాబు అంటారు. పక్కనున్న ఆరంగ్ ఊరి మనిషి. పెద్ద సేఠ్ చేతుల మీదుగా ముప్పై ఏళ్ల కిందట చేరినవాడు. నేను చెమటతో నిలబడి ఉంటే, ఎవరు పంపించారని అడగకుండా, లేచి కుండలోంచి గ్లాసు నీళ్లు ముంచి ఇచ్చాడు. నలభై రెండు ఆఫీసుల్లో నాకెవరూ నీళ్లివ్వలేదు. కళ్లలో కూడా కాస్త నీళ్లు తిరిగాయి గానీ, అది జనపనార దుమ్మని సర్దుకున్నాను.

చిన్న సేఠ్ నన్ను లోపలి గదిలోకి పిలిచి తలుపు మూశాడు. కిటికీ కూడా మూశాడు. ఇంటర్వ్యూకి ఇంత ఏకాగ్రత అవసరమా అనుకున్నాను.

"పేరు చెప్పు," అన్నాడు చిన్నగా.

చెప్పాను.

"నీ పేరు కాదు. వాడి పేరు."

"ఎవరి పేరండి?"

నా అప్లికేషను నా ముందు పెట్టాడు. మొదటి వాక్యం కింద ఎర్ర సిరాతో రెండు గీతలున్నాయి. "విశ్వసనీయ వర్గాలు అని రాశావు. ఎవరు వాళ్లు?"

ప్రపంచంలో ఆ వాక్యాన్ని చదివిన మొదటి మనిషి ఆయనే.

"అది... అందరూ అలాగే రాస్తారండి. టైపు మాస్టారు చెప్పారు."

"ఆ మాస్టారికి ఎవరు చెప్పారు?"

"ఆయన గోడమీద ఉందండి."

"నా ఆఫీసులో ఖాళీ ఉందని ఆయన గోడమీద ఉందా?" చిన్న సేఠ్ మొహం ఇటుకరంగుకు తిరిగింది. "చూడు, నాతో ఆటలొద్దు. ఒకటో తారీఖున మా బాబూజీ తీర్థయాత్రకు వెళ్లగానే బడేబాబు కుర్చీ ఖాళీ అవుతుందని ఈ ఊళ్లో ఇద్దరికే తెలుసు. ఒకడు నేను. రెండోవాడు శంకర్ నగర్ ఏజెంటు. నేను నీకు చెప్పలేదు. అంటే వాడే అమ్ముకున్నాడన్నమాట. అవునా, కాదా?"

అప్పుడర్థమైంది నాకు. ఎవరూ అడక్కుండానే ఆయనే మొత్తం చెప్పేశాడన్న సంగతి ఆయనకింకా అర్థం కాలేదు. ఆ ఏజెంటు మన అల్మారా సాబే. నోరెత్తని కుర్రాణ్ణి ఒకణ్ణి ఆ కుర్చీలోకి పంపడానికి ఒప్పుకున్నాడు. బయట ఆ ముసలాయన ముక్కుమీద కళ్లద్దాలతో రిజిస్టరు రాసుకుంటున్నాడు. నాకు నీళ్లిచ్చిన చేత్తోనే రాస్తున్నాడు. తండ్రి రైలెక్కగానే ఆయన్ని పంపించేస్తారు, ముప్పై ఏళ్ల మనిషిని, ఒక మాటైనా ముందు చెప్పకుండా.

మూడు నెలల కోపం, వానా బురదా జిలేబీ అన్నీ కలిపి, ఒక్కసారి పైకొచ్చింది. నేను లేచి నిలబడి చేతులెత్తి అరిచాను (చొక్కా ఎక్కడ కుట్టు విడిందో ఇంటికెళ్లాక చూసుకున్నాను). "ఎవరూ చెప్పలేదండీ! నలభై రెండు ఆఫీసులకు ఇదే కాగితం ఇచ్చాను, వెళ్లి అడగండి! ఖాళీ ఉంటే ఉందని నాకు చెప్పక్కర్లేదు, ముందు ఆయనకి చెప్పండి! అదేం మర్యాదండీ?" అని ఇంకా చాలా అన్నాను. నా హిందీ మామూలుగా వ్యాకరణం చూసుకుంటూ నిదానంగా నడుస్తుంది. ఆ రోజు ఏ తప్పూ లేకుండా పరిగెత్తింది. తలుపు తోసుకుని బయటికొచ్చేశాను. వెనకాలే చిన్న సేఠ్, నా కాగితం చేత్తో పట్టుకుని, "ఏయ్, ఆగు!" అంటూ.

పెద్ద సేఠ్ నమలడం ఆపాడు. "కా హోగే? ఎందుకీ గోల?"

బడేబాబు లేచి వచ్చి, చిన్న సేఠ్ చేతిలోంచి కాగితం నెమ్మదిగా, ఎప్పుడూ తీసుకున్నట్టే తీసుకున్నాడు. ఆ ఇంట్లో ఇంగ్లీషు కాగితం వస్తే చదివి చెప్పేది ఆయనే. కళ్లద్దాలు సర్దుకుని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. (నాలుగో కాపీ మరి.)

"ఏం లేదు బాబూజీ, ఈ అబ్బాయి అర్జీ. మన ఆఫీసులో ఒక ఉద్యోగం ఖాళీగా ఉందని నమ్మకమైనవాళ్ల ద్వారా తెలిసిందట."

"ఖాళీయా?" పెద్ద సేఠ్ గది చుట్టూ చూశాడు. అందులో ఉన్నది బడేబాబు కుర్చీ ఒక్కటే. "ఎవరిది?"

నేను నోరు తెరిచాను. చెప్పేద్దామనే తెరిచాను. కొడుకు ఏం చేయబోతున్నాడో తండ్రి ముందు పెట్టేద్దామని, రాబోయే ఉద్యోగం పోతే పోయిందని. చిన్న సేఠ్ మొహంలో ఇటుకరంగు పోయి సున్నపురంగు వచ్చింది. సరిగ్గా అప్పుడు బడేబాబు నా చేతిలో ఇంకో గ్లాసు నీళ్లు పెట్టాడు. "పానీ పీ లే, బాబూ," అన్నాడు. నీళ్లు తాగుతూ మాట్లాడడం మనిషికి సాధ్యం కాదు. నేను తాగుతున్నంతసేపూ బడేబాబు చిన్న సేఠ్ వైపు చాలా మర్యాదగా చూస్తూ నిలబడ్డాడు.

"ఏ ఖాళీ, భయ్యాజీ?" అన్నాడు.

చిన్న సేఠ్ తండ్రి వైపు తిరిగాడు. "అదే... బాబూజీ... బడేబాబుకి వయసొచ్చింది కదా. ఒక్కడూ చేసుకోలేకపోతున్నాడు. ఒక అసిస్టెంటును పెడదామని... దీపావళికి చెబుదామనుకున్నాను. ఈలోగా..."

పెద్ద సేఠ్ మొహమంతా నవ్వయింది. "శభాష్! చూశావా బడేబాబూ? నేను చెప్పలేదూ, పిల్లవాడికి నీమీద ఎంత గౌరవమో! మరింకేం, కుర్రాడు వచ్చే ఉన్నాడుగా. మంచి గొంతు కూడా ఉంది. మిల్లువాళ్లతో మాట్లాడడానికి పనికొస్తాడు. రేపటినుంచి రమ్మను."

నాకు ఉద్యోగం వచ్చింది. చెప్పకేం, ఆ క్షణంలో నాకు పిచ్చికోపం వచ్చింది. బయటికొచ్చి తెలీబంధా చెరువు గట్టున టీ దుకాణం దగ్గర నిలబడ్డాను. కాసేపటికి బడేబాబు వచ్చి రెండు టీలు చెప్పాడు.

"కాబర్ గుస్సా హోథస్, బాబూ? ఎందుకయ్యా అంత కోపం?"

"మీ కుర్చీ తీసేయబోతున్నారు, తెలుసా మీకు?"

"తెలుసు."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"ముప్పై ఏళ్లుగా ఆ ఇంటి ఉత్తరాలు నేనే చింపి చదువుతున్నాను. రెండు నెలల కిందట చిన్న సేఠ్ తనే చింపడం మొదలుపెట్టాడు. ఇంకేం తెలియాలి?"

"మరి అడగలేదేం? ఇందాక నన్నెందుకు చెప్పనివ్వలేదు?"

ఆయన టీ ఊదుకున్నాడు. "నువ్వు చెప్పేస్తే తండ్రి ముందు వాడి తల దిగిపోయేది. తల దిగిన యజమాని దగ్గర గుమాస్తా ఎన్నాళ్లుంటాడు? ఇప్పుడు వాడు అబద్ధం చెప్పాడు. బాబూజీ బతికున్నంతకాలం దాన్ని నిజం చేసుకుంటూ ఉండాలి. దానికి నువ్వూ కావాలి, నేనూ కావాలి." కొంచెం ఆగి, "నేనేమీ చేయలేదు బాబూ. కాగితంలో ఉన్నది చదివాను. చదవడం నా పని," అన్నాడు. ఆయన నవ్వుతున్నాడో లేదో టీ ఆవిరికి కళ్లద్దాలు మసకబారి కనపడలేదు.

మర్నాటినుంచి వెళ్లాను. దీపావళికి ప్రకటించబోయిన ఉద్యోగమే అయినా దానికి కుర్చీ లేదు, బల్ల లేదు. రెండు నెలలు బేలు అనే పెద్ద గోనెసంచుల కట్ట మీద కూర్చుని పనిచేశాను. (దాని గరుకుదనం గురించి ఇక్కడ వివరించను.) మొదటి వారంలోనే అల్మారా సాబ్ వచ్చాడు. చిన్న సేఠ్ ఆయన్ని గుమ్మంలోనే ఆపి, రహస్యం అమ్ముకున్నావని దులిపేశాడు. ఆయన దేవుడిమీద, పిల్లలమీద, చివరికి అల్మారామీద కూడా ఒట్టు వేశాడు. ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ నిజం తెలిసినవాణ్ణి నేను, అయిదడుగుల దూరంలో, బేలు మీద కూర్చుని ఉన్నాను. ఒక్క మాట చెబితే ఆయన పరువు నిలబడేది. నేను చాలా శ్రద్ధగా టైపు చేశాను. చెవులు ఎర్రబడ్డాయి, కానీ మిషను వైపు వంగి ఉండడం వల్ల ఎవరికీ కనపడలేదు.

మా నాన్న మాత్రం వర్కుషాపులో ప్రతి వ్యాగను కిందా దూరి మరీ చెప్పాడు: "మావోడు ఎవుడి చెయ్యీ నేకండా, తన కాళ్లతో నడిసెళ్లి తెచ్చుకున్నాడు!" ఆ మాట విన్నప్పుడల్లా నాకు మండిపోయేది. నా అప్లికేషనులో నా చదువు నిజం, నా టైపు స్పీడు నిజం, నా సత్ప్రవర్తన కూడా అప్పటిదాకా నిజమే. వాటిని ఎవరూ చదవలేదు. అందులో ఉన్న ఒకే ఒక్క అబద్ధానికి ఉద్యోగం వచ్చింది, అదీ ఇంకొకాయన అబద్ధం సాయంతో. ఒకసారి మా నాన్నకు మొత్తం చెప్పేశాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. "అయితే ఏటి? నడిసింది నువ్వే గదా?" అన్నాడు. మా నాన్నకు జవాబు చెప్పలేకపోవడం నాకది రెండోసారి.

బడేబాబు మరో ఆరేళ్లు పనిచేశాడు. పెద్ద సేఠ్ పోయిన తర్వాత కూడా చిన్న సేఠ్ ఆయన్ని తీసేయలేదు. అప్పటికి అబద్ధం బాగా అలవాటైపోయి ఉంటుంది. చివరికి కళ్లు సరిగ్గా ఆనక తనే మానేసి ఆరంగ్ వెళ్లిపోయాడు. వెళ్లే రోజు రిజిస్టర్లన్నీ నాకు అప్పగించి, ఒక్కొక్కదాని అట్టమీద చెయ్యి వేసి తడిమి చూసుకున్నాడు. ఆ రోజు కూడా నాకు కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియలేదు.

ఇప్పుడు నేనే అన్నిటికీ కళ్లద్దాలు వెతుక్కునే వయసుకు వచ్చాను. మొన్న ఒక ఆఫీసులో పెన్షను కాగితం మీద ముద్ర కోసం గంటసేపు బెంచీమీద కూర్చున్నాను. కౌంటరు దగ్గరమ్మాయి ఫోనులో ఎవరితోనో కూరలో ఉప్పు ఎక్కువైతే ఏం చేయాలో మాట్లాడుతోంది. ఇక లాభం లేదు, ఆనాటి గొంతు ఒకసారి బయటికి తీయాల్సిందే అనుకుని, మాటలన్నీ వరసగా పేర్చుకుని, లేచాను. మోకాలు పట్టేసింది. బెంచీ పట్టుకుని సగం లేచినవాణ్ణి సగంలోనే ఉండిపోయాను. ఆ అమ్మాయి ఫోను అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చి, నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, "మీరెందుకు లేచారు అంకుల్, నేనే తెచ్చిస్తాను కదా," అని ముద్ర వేసిన కాగితం చేతికిచ్చింది. నేను చాలా థాంక్స్ అమ్మా అన్నాను. అంత మంచి కోపం, ఒక్క మాటా వాడకుండా, మొత్తం ఇంటికి మోసుకొచ్చాను. దాన్ని ఊరికే పాడుచేయడం ఎందుకని కూర్చుని ఇది రాశాను. రాస్తూ రాస్తూ సగంలోనే అది కూడా అయిపోయింది.